గాజుల లెక్క

మా మనవరాలు యాస్మిన్ పరీక్షలో కాపీ కొట్టిందట. ఆ మాట అన్నది మనిషి కాదు, కంప్యూటరు. విజయవాడ కంపెనీ ఉద్యోగానికి తిరువూరు బస్టాండు పక్క సెంటర్లో, కెమెరా ముందు కూర్చుని రాసింది. పెదవులు కదిలాయి, చెయ్యి బల్ల కిందికి పోయింది అని కంప్యూటరే పేరు తీసేసింది. పిల్ల అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది.

"ఎవర్ని చూసి రాశావే?"

"ఎవర్నీ కాదు దాదీ. లెక్క చేసుకున్నా, అంతే."

ఎలాగో చూపించమన్నాను. బొటనవేలు ఒక్కో కణుపు మీద ఆనిస్తూ గొణిగింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అది మా గాజుల కొట్టు లెక్క! నాలుగు వేళ్లకీ మూడేసి కణుపులు, చివరికొస్తే డజను. దిష్టి తగులుతుందని చెయ్యి గాజుల పెట్టె చాటునే ఉంచేవాళ్లం. మా అత్త నాకు నేర్పింది, నేను ఈ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పాను.

పక్కింటి ప్రేమ్ కిరణ్ మాస్టారిని వెంటబెట్టుకుని సెంటరుకు వెళ్లాం. సెంటరు చూసుకునే సురేష్ బాబు మంచివాడే, కుర్చీ వేశాడు.

"కంప్యూటరు తీసేసిందండీ మామ్మగారూ. మా చేతుల్లో లేదు."

"మరెవరి చేతుల్లో ఉంది నాయనా? ఆ మనిషిని చూపించు, ఆయనతోనే మాట్లాడతా."

అతను కంప్యూటరు వైపే చెయ్యి చూపించాడు. మాస్టారు అందుకున్నారు: "దేశదేశాల వాళ్లు కూర్చుని సూత్రాలు రాసుకున్నారండీ. యంత్రం ఒకరి బతుకు మీద తీర్పు చెబితే ఎందుకో చెప్పాలి. కాదంటే మళ్లీ చూడ్డానికి మనిషుండాలి. మీ కంపెనీలో ఆ మనిషెవరు?"

సురేష్ బాబు ఫోను మీద ఫోను చేశాడు. చివరికి ప్రమీలారాణి అనే కంపెనీ ఆఫీసరమ్మ ఫోను తెర మీదికొచ్చింది. యాస్మిన్ వీడియో పెట్టుకుని చూసింది.

"దీన్ని ఇప్పటిదాకా ఎవరూ చూళ్లేదండీ," అంది చిన్నబోయి. "ఓ లెక్కిస్తా, చెయ్యి పైన పెట్టి చెయ్యమ్మా."

యాస్మిన్ బొటనవేలు కణుపు మీద కణుపు ఆనిస్తూ పోయింది. పెదవులు కదిలాయి.

"ఆ పక్కన పెద్దావిడెవరు? ఆవిడా గొణుగుతున్నారే!"

"మా దాదీ అండీ. నేర్పింది ఆవిడే."

ఆఫీసరమ్మ పకపకా నవ్వింది. పేరు మళ్లీ చేర్పిస్తానంది. యాస్మిన్ నా భుజం మీద వాలిపోయింది.

"ఇట్లాగే పేర్లు పోయిన పిల్లలు ఇంకా ఉంటారు కదమ్మా?" అన్నాను.

"ఉంటారు. చూస్తానండీ."

నేను ఫోను పెట్టనివ్వలేదు. ఎప్పుడు చూస్తావో చెప్పమన్నాను.