పదహారు దగ్గర

బావకు ఊపిరి చాలడం లేదని నేను కనిపెట్టి ఏడాది దాటింది. ఇంకెవరికీ తెలియదు. తెలియనిస్తానా?

మా బృందంలో నలభై మందిమి. పగలు ఎవరి పని వాళ్లది. మంగళవారం సాయంత్రం మాత్రం ఒక బడి భోజనశాలలో బల్లలు గోడకు జరిపి పాడతాం. బావ మా అక్క మొగుడు, బస్సుల మెకానిక్కు. నేను వడ్రంగిని. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, గొంతుందో లేదో కూడా అడక్కుండా లాక్కొచ్చి తన పక్కన నిలబెట్టుకున్నాడు. అలా నిలబడి ముప్పై ఎనిమిదేళ్లయింది. నా పెళ్లి రోజు తప్ప నాగా లేదు. ఆ ఒక్క నాగాకి ఇప్పటికీ దెప్పుతాడు.

మాది మంద్రస్థాయి వరస. మాకు పొడుగాటి స్వరాలు వస్తాయి. ఇరవై నాలుగు లెక్కపెట్టేదాకా స్వరం తెగకూడదు. అందుకని పక్కపక్కవాళ్లం ఊపిరి వంతులు వేసుకుంటాం. ఎనిమిది దగ్గర నేను పీలుస్తాను, బావ పాడుతుంటాడు. పదహారు దగ్గర ఆయన పీలుస్తాడు, నేను పాడుతుంటాను. వినేవాళ్లకు ఒక్క గొంతే. పెళ్లాంతో కూడా నాకు ఇంత బాగా కుదరలేదు.

ఏడాదిగా పాట చివరికొచ్చేసరికి బావ ముఖం జేవురిస్తోంది. మెడ మీద నరాలు పొంగుతాయి. కుర్చీలో కూలబడి ఆయాసపడతాడు. ఏమైందంటే "వయసు రా" అని నవ్వేస్తాడు. డాక్టరుకి చూపించుకోమంటే "ముందు నీ దగ్గు చూపించుకో" అని నామీదకే తిప్పుతాడు. నాది రంపప్పొట్టు దగ్గు. పనితో పాటు వచ్చింది, పనితో పాటే పోతుంది. దానికి డాక్టరెందుకు?

మా బృందానికి పాట నేర్పే కొత్త మేడం వచ్చాక నా గుండెల్లో రాయి పడింది. పాత మాస్టారు సగం వినేవాడు, సగం వదిలేసేవాడు. ఈవిడ ఏదీ వదలదు. కచేరీకి అయిదు రోజులుందనగా, మంద్రం వరసలో ఎవరో మోయలేక మోస్తున్నట్టుంది, జంట జంటగా వింటానంది. సరిపోనివాళ్లు ఆదివారం వేదిక ఎక్కరు.

బావను తీసేస్తుందని నాకు భయం పట్టుకుంది. అక్క పోయాక ఆయనకు మిగిలినవి ఈ మంగళవారాలే.

మా వంతు కోసం వరండాలో నిలబడ్డప్పుడు చెవిలో చెప్పాను.

"బావా, ఇవాళ నీ ఇష్టమొచ్చిన చోటల్లా పీల్చుకో. మిగతాదంతా నేను లాగేస్తా."

"నువ్వా?" అన్నాడు.

"నేనే. ఎదురు చెప్పకు."

"మామూలుగా పాడు, చాల్లే" అన్నాడు.

లోపల పియానో, మేడం, మేమిద్దరం. స్వరం ఎత్తుకున్నాం. ఎనిమిది దగ్గర ఆగకూడదని ఒట్టు పెట్టుకున్నాను గానీ అలవాటు చావదు కదా, పీల్చేశాను. ఆ తర్వాత ఎలా గడిచిందో తెలియదు. ఇరవై నాలుగు అయ్యేసరికి బావ ముఖం ఎర్రగా ఉంది. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

"ఇప్పుడు విడివిడిగా" అంది మేడం.

నేను అడ్డుపడ్డాను. "మేం ఎప్పుడూ జంటగానే మేడం..."

"అది విన్నానండీ. ఇప్పుడు ఒక్కొక్కరే."

బావ ముందు పాడాడు. నేను పిడికిలి బిగించి లెక్కపెట్టాను. ఎనిమిది. పదహారు. ఇరవై. ఇరవై నాలుగు. స్వరం తెగలేదు. ముఖం రంగైనా మారలేదు. చప్పట్లు కొట్టబోయి ఆయన వైపు చూశాను. తప్పు చేసి దొరికిపోయినవాడిలా నేల చూస్తున్నాడు.

నా వంతు వచ్చింది. ఎనిమిది దగ్గర పీల్చాను. సరే, అది నా హక్కు. పన్నెండు దగ్గర మళ్లీ. పదహారు దగ్గర మళ్లీ. ఇరవై దగ్గర దగ్గు. పీల్చిన ప్రతిసారీ గది నిశ్శబ్దమైపోయింది. ఆ ఖాళీలు నేనెప్పుడూ వినలేదు. వాటిలో ఎప్పుడూ బావ గొంతు ఉండేది.

"నాలుగు సార్లు తెగింది" అంది మేడం నెమ్మదిగా.

నేను బావ వైపు తిరిగాను. "ఎప్పట్నుంచి?"

"ఏడాదై ఉంటుంది."

"చెప్పొచ్చు కదా!"

"చెప్తే మానేస్తావు."

"మరి నీ పదహారు దగ్గర నువ్వెందుకు పీల్చడం లేదు?"

"అప్పటికి నువ్వు ఉండవు కదరా అక్కడ. ఇద్దరి గొంతూ నేనొక్కణ్నే లాగాలి, నువ్వు చూసింది ఆ ఆయాసమే."

ఏడాది పొడుగునా నేను జాలిపడింది ఈయన మీద! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

బావ మేడం వైపు తిరిగాడు. "ఆదివారం ఇద్దరం నిలబడతాం మేడం. నేను లాగుతా. బయటివాళ్లకి తెలీదు."

"స్వరం తెగదు, నిజమే" అంది ఆవిడ. "కానీ మీరేమైపోతారు?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఉండిపోవాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఒక్క ఆదివారమే కదా అనిపించింది. ఆయన ఒప్పుకున్నాడు కదా అని కూడా అనిపించింది. నోరు తెరిస్తే దగ్గే వచ్చింది.

అది తగ్గాక అన్నాను. "ఆయన పక్కన ఇంకొకర్ని పెట్టండి మేడం. పదహారు దగ్గర ఉండేవాణ్ని."

"ఒరేయ్" అన్నాడు బావ. నేను ఆగలేదు. ఆగితే ఉండిపోయేవాణ్ని.

ఆదివారం ప్రేక్షకుల్లో మూడో వరసలో కూర్చున్నాను. నా చోట మా బృందంలోని పోస్ట్‌మాన్ నిలబడ్డాడు, నిండైన గొంతు. పొడుగు స్వరం మొదలైంది. ఎనిమిది దగ్గర పోస్ట్‌మాన్ పీల్చాడు. పదహారు వస్తోంది. బావ భుజాలు కదలడం లేదు, మెడ నరాలు అప్పుడే పొంగుతున్నాయి. మొండిగా బిగబట్టేశాడు. పక్కన ఉన్నది ఎవరో మరిచిపోయాడు.

ఆయన కళ్లు నన్ను వెతికాయి. నేను కుర్చీలోంచి సగం లేచి, అందరూ చూస్తున్నా సరే, భుజాలు ఎగరేసి నోరు తెరిచి పెద్దగా గాలి పీల్చాను. పక్కావిడ నన్ను విసుగ్గా చూసింది.

బావ పీల్చాడు.

స్వరం తెగలేదు. నేను లేకుండా కూడా తెగలేదు. దాన్ని తట్టుకోవడమే నాకు కష్టమైంది.