చివరి మనిషి ఎక్కేదాకా

మా తమ్ముడు విమానాల జోలికి పోకముందు బస్సు నడిపేవాడు. సెలవుల్లో జనాన్ని తీసుకెళ్లి, సముద్రం చూపించి తీసుకొచ్చే బస్సు. వాడికొక అలవాటుండేది. ఎక్కినవాళ్ల తలలు తానే లెక్కపెట్టేవాడు. ఒక్క తల తగ్గినా బండి కదలనిచ్చేవాడు కాదు. ఏ పిల్లో ఇసుకలో గవ్వలేరుకుంటూ ఉండిపోతే, మెట్టు మీద నిలబడి కొంగలా మెడ సాచి చూసేవాడు. "తీసుకెళ్లినవాళ్లని ఇంటికి చేర్చకపోతే ఇంకెందుకక్కా మనం?" అనేవాడు.

అలాంటివాడికి ఉన్నట్టుండి విమానం మీద మనసు పడింది.

"నిచ్చెనెక్కితేనే నీకు కళ్లు తిరుగుతాయి కదరా!" అన్నాను.

"నడిపేది నేను కాదుగా అక్కా, నువ్వు సీట్లకి తొడుగులు కుట్టు చాలు" అన్నాడు.

అద్దెకు తెచ్చిన పాత విమానం అది. సీట్లు చిరిగి లోపలి స్పాంజి బయటికొచ్చింది. నిమ్మపండు రంగు గుడ్డ తెప్పించి, మా వంటింటి పక్క గదిలో కూర్చుని నూట ఎనభై తొడుగులు కుట్టాను. విమానంలో తిండి పెట్టరు, దిండు ఇవ్వరు, పెద్ద పెట్టె తేనివ్వరు. టికెట్టు మాత్రం చవక. ఇంకేముంది, జనం ఎగబడ్డారు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మేఘాన్ని పైనుంచి చూడనివాళ్లు, పళ్లమ్మే ఆవిడ, క్షౌరం చేసే ఆయన, బడిలో గంట కొట్టే ఆయన, అందరూ వారం సెలవు పెట్టి సముద్రానికి ఎగిరిపోయారు. మూడేళ్లకు ఒక విమానం ఆరయింది. తమ్ముడి కూతురు అందులోనే ఎయిర్‌హోస్టెస్‌గా చేరింది.

వాడి అలవాటు మాత్రం మారలేదు. ఒక్కో విమానం రోజుకు ఐదుసార్లు తిరగాలి. పొద్దున పది నిమిషాలు ఆగితే, సాయంత్రానికి అది రెండు గంటలయ్యేది.

"నాన్నా, ఇది బస్సు కాదు, తలుపు వేసెయ్యాలి!" అని మేనకోడలు ఫోన్లో మొత్తుకునేది.

"ఒక్క ఐదు నిమిషాలమ్మా. ఆ పెద్దాయన మెట్లదాకా వచ్చేశాడట."

'బస్టాపు విమానం' అని ఊరంతా పేరు పెట్టింది. నవ్వుతూనే పెట్టారు గానీ, పని తొందర ఉన్నవాళ్లు మెల్లిగా జారుకున్నారు. నాలుగో ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. వానలో సముద్రానికి ఎవరెళ్తారు? ఆఖరిసారి వెళ్లిన విమానంలో నూట ఎనభై సీట్లుంటే నలభై ఒక్కరే. వాళ్లు తిరిగి రావాల్సిన రోజున, అద్దె బాకీ పడిందని విమానాల సొంతదారులు వాటిని ఎక్కడివక్కడ ఆపేశారు.

తమ్ముడు గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. మధ్యాహ్నం మేనకోడలు ఆ సముద్రపు ఊరి నుంచి ఫోన్ చేసింది. "అత్తా, అందరూ విమానాశ్రయం బెంచీల మీదే కూర్చున్నారు. విమానం సంగతి ఎవరూ అడగట్లేదు. 'మీ నాన్న వస్తాడా' అని నన్ను అడుగుతున్నారు."

నేను వెళ్లి తలుపు దబదబా బాదాను. "ఒరేయ్, నలభై ఒక్క తలలు అక్కడున్నాయి. నువ్విక్కడ పడుకున్నావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనక్కా?"

"ఉన్న మొహమే పెట్టుకెళ్లు. కొత్తది ఎక్కణ్నుంచి తెస్తావు?"

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

అమ్మబుద్ధి కాక దాచుకున్న పాత బస్సు షెడ్డులో ఉంది. సీట్లన్నీ ఎలుకలు కొరికేశాయి. నా దగ్గర మిగిలిన నిమ్మరంగు తొడుగులు తొడిగితే, అన్న చొక్కా తమ్ముడు వేసుకున్నట్టు వేలాడాయి. పిన్నీసులు పెట్టాను. తమ్ముడు స్టీరింగు పట్టుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మర్నాడు తెల్లారేసరికి అక్కడికి చేరాం.

గళ్ల చొక్కా వేసుకున్న ఒకాయన మండిపడ్డాడు. "గాల్లో తెచ్చి రోడ్డు మీద తీసుకెళ్తావా?"

"తప్పు నాదేనండీ. ఇంటిదాకా దింపుతాను, ఎక్కండి" అన్నాడు తమ్ముడు. తల మాత్రం ఎత్తలేదు.

అందరూ ఎక్కాక మేనకోడలు ముందు నిలబడి, అలవాటుకొద్దీ రెండు చేతులూ చాపి అత్యవసర ద్వారాలు చూపించడం మొదలుపెట్టింది. అటు చూస్తే కిటికీలే! బస్సంతా ఘొల్లుమంది. గళ్ల చొక్కా ఆయన కూడా మీసం చాటున నవ్వాడు.

తమ్ముడు లెక్కపెట్టాడు. నలభై. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై. పళ్లమ్మే ఆవిడ లేదు.

వాడు నా వైపు చూశాడు. ఇంకాస్త ఆగమని జనాన్ని అడగడానికి వాడికి నోరు రావడం లేదు. ఇంతలో గళ్ల చొక్కా ఆయనే కిటికీలోంచి నడుందాకా బయటికి వంగాడు. "అదుగో వస్తోంది! మెల్లిగా రావమ్మా, బండి ఎక్కడికీ పోదులే!"

ఆవిడ తడికాళ్లతో, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది. "మళ్లీ చూస్తానో లేదోనని ఒక్కసారి కాళ్లు తడుపుకొచ్చాను నాయనా."

"నలభై ఒకటి" అన్నాడు తమ్ముడు గట్టిగా. "మళ్లీ చూస్తావులేమ్మా."

బండి ఊరు దాటాక వాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు. "అక్కా, ఈ తొడుగులు వచ్చే ఆదివారానికి కాస్త బిగించగలవా?"

నేనప్పటికే జానతో ముందు సీటు కొలుస్తున్నాను.