నాలుగో మూల

ఆకులు రాలడం మొదలయ్యాక వచ్చే మొదటి ఆదివారం మేం నలుగురం బస్సెక్కి ఊరి బయట సరస్సు దగ్గరికి వెళ్తాం. వాన పడినా, ఒంట్లో నలతగా ఉన్నా ఆ ప్రయాణం ఆగదు. ఆ రోజుకి ఒకటే నియమం. షాపు మాట ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళు ఇంటికి చేరేదాకా తిండి సంచి మోయాలి. నియమం పెట్టింది లాయరమ్మ. ఆవిడ లాయరూ కాదు, పాడూ కాదు. మా షాపులో కుట్టు మిషను మీద కూర్చుంటుంది. కుందేలుకి మూడే కాళ్ళంటే నాలుగోది చూపించినా ఒప్పుకోదు, అందుకని ఆ పేరు.

ఆ నియమాన్ని నేను ఏటా తిట్టుకుంటాను. షాపు తప్ప మా నలుగురికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి గనక? ఈ ఏడు మాత్రం అది ఉన్నందుకు లాయరమ్మ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందో నాకే భయంగా ఉంది మరి.

మేం నాటకశాలలకి తెరలు కుడతాం. బట్ట కొలిచి కత్తిరించేది నేను. మిషను లాయరమ్మది. అంచులూ రింగులూ చేత్తో కుట్టేది పెద్దక్క, ఇస్త్రీ చేసి కట్ట కట్టేది పిచ్చుక. ఆ పిల్ల మనిషి పిడికెడు, మాటలు బుట్టెడు. శనివారం సాయంత్రం యజమాని నన్ను గదిలోకి పిలిచి, కూర్చోమని కూడా అనకుండా, ఆర్డర్లు తగ్గాయన్నాడు. ఇకనుంచి ముగ్గురే చాలట. వాళ్ళ సంగతి నీకు బాగా తెలుసు కదా, ఎవర్ని తీసెయ్యాలో ఒక పేరు చెప్పమన్నాడు. సోమవారం పొద్దున చెప్తానన్నాను. సరే, తొందరేం లేదని నవ్వాడు. ఆ నవ్వుని అక్కడే కత్తిరించి చేతిలో పెట్టాలనిపించింది.

నా పేరు చెప్పాలన్న ఆలోచన రాలేదని కాదు. వచ్చింది. గుమ్మంలోనే నిలబెట్టి పంపించేశాను. మా ఆయన నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకుని మంచం దిగడం లేదు. ఇంట్లో పొయ్యి వెలిగేది నా కత్తెర మీద. పిచ్చుకకి బడికెళ్ళే కూతురుంది, మొగుడు లేడు. లాయరమ్మ తల్లికి మతి లేదు, చూసుకునే మనిషిని పెట్టుకుంటే గాని ఈవిడ ఇల్లు కదల్లేదు. పెద్దక్కకి ఉద్యోగం చేసే కొడుకున్నాడు, అత్తగారంటే ప్రాణం పెట్టే కోడలుంది. పైగా వేళ్ళ కణుపులు వాచి, సూదిలో దారం ఎక్కించడానికి ఈమధ్య పిచ్చుకని పిలుస్తోంది. రేపో మాపో తనే మానేస్తుంది కదా అనుకున్నాను. రాత్రంతా దొర్లి దొర్లి ఆ పేరు దగ్గర ఆగాను.

అలా మనసులో పెద్దక్క మెడ మీద కత్తి పెట్టుకుని, పొద్దున్నే బస్టాపులో ఆవిడ భుజాల మీద నా కొత్త శాలువా కప్పాను. చలి లేదే అంది. ఉంటుందక్కా, సరస్సు గాలి అన్నాను. దారిలో గుడ్డు పెంకు ఒలిచి ఇచ్చాను, దిగేటప్పుడు చెయ్యి అందించాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"ఏమేవ్, అతి వినయం ధూర్త లక్షణమన్నారు. నా దగ్గర ఏం కొట్టేద్దామని?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి నవ్వు అది.

రోజు మాత్రం ఎంత బాగుందో చెప్పలేను. అదే నా ప్రాణానికొచ్చింది. ఎండ పల్చగా, గోరువెచ్చగా ఉంది. దారి పొడుగునా పసుపూ ఎరుపూ ఆకులు పరుచుకుని, అడుగేస్తే కరకరమంటున్నాయి. లాయరమ్మ పడవవాడితో బేరమాడి, బేరంలో గెలిచి, గెలిచిన సంతోషంలో అతనికి మా రొట్టెల్లో సగం పెట్టేసింది. తెడ్లు నేనూ పిచ్చుకా పట్టుకున్నాం. ఆ పిల్ల ఒకవైపు లాగితే నేను ఇంకోవైపు లాగాను, పడవ ఉన్నచోటే గానుగెద్దులా తిరిగింది. పెద్దక్క పొట్ట పట్టుకుని నవ్వీ నవ్వీ, ఒడ్డుకి పోనివ్వండే, ఈ వయసులో నాకు ఈత నేర్పకండి అంది. నవ్వుతున్న ఆ మొహం చూడలేక నేను తెడ్డు వైపు తల తిప్పుకున్నాను.

ఇంకో సంగతి కూడా నన్ను కాల్చుకు తింది. ఆ రోజు వాళ్ళు ముగ్గురూ నన్ను నెత్తిన పెట్టుకున్నారు. బస్సులో కిటికీ సీటు కోసం ఏటా జుట్టూ జుట్టూ పట్టుకునేంత పని చేసే లాయరమ్మ, పొద్దున తనే లేచి నువ్వు కూర్చో అంది. ఏటా అందరికంటే పెద్ద ఆకు తెచ్చినవాళ్ళకి టీ మొదట పొయ్యడం మా ఆట. పిచ్చుక తన మొహమంత ఆకు ఏరుకొచ్చి, ఎవరూ చూడకుండా నా చేతిలో పెట్టింది. పెద్దక్క మా ఆయన కోసం నొప్పులకి రాసే నూనె సీసా తెచ్చింది. ఏదో వాదనలో లాయరమ్మ నా చేతిలో ఓడిపోయింది కూడా. అప్పుడైనా నాకు బుద్ధి వెలగాల్సింది. వెలగలేదు. ఇంత మంచివాళ్ళలో ఒకరి అన్నం తీసెయ్యబోతున్నానే అని నన్ను నేనే తిట్టుకుంటూ ఆ మొదటి టీ తాగాను.

పొద్దు వాలుతుంటే సర్దడం మొదలుపెట్టాం. మేం కింద పరుచుకునేది మామూలు దుప్పటి కాదు. ఎప్పుడో ఒక నాటకశాల వద్దని తిప్పి పంపిన తెర, నలుగురు మనుషుల పొడుగుంటుంది, బరువు కూడా. దాన్ని షాపులో మడతపెట్టినట్టే మడతపెడతాం. తలా ఒక మూల పట్టుకుని, లాగి దులిపి, ఎదురెదురుగా నడిచి అంచుకి అంచు కలుపుతాం. ముగ్గురితో ఆ పని చేస్తే మధ్యలో ముడత పడుతుందని నేను ఒప్పుకోను. అందుకే కొలతలకి నేను బయటికెళ్ళిన రోజున కుట్టడం అయిపోయిన తెర కూడా నేనొచ్చేదాకా బల్ల మీదే ఉంటుంది. ఆ వారం గురు, శుక్రవారాలు నేను కొలతల కోసం వేరే ఊళ్ళో ఉన్నాను.

కుళాయి దగ్గర గ్లాసులు కడుక్కుని తిరిగొచ్చేసరికి తెర మడత సగమైపోయింది. పిచ్చుక ఒక్కతే ఒక చివర నిలబడి, అంచు మధ్య భాగాన్ని గడ్డం కింద నొక్కిపట్టి, రెండు మూలలూ రెండు చేతుల్లోకి తీసుకుంది. అవతల చివర పెద్దక్కా లాయరమ్మా చెరో మూల పట్టుకుని, మాటా పలుకూ లేకుండా ఒక్క అడుగులో దగ్గరికొచ్చారు. అంచుకి అంచు కలిసింది. మధ్యలో ముడత లేదు. ఒకసారి చేసి చూస్తే వచ్చే పని కాదది. నాలుగో మూల దగ్గర నేను గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను.

ఎవరు నేర్పారని అడిగాను. లాయరమ్మ నా మొహం చూడకుండా, ఓనరే దగ్గరుండి చేయించాడు, నువ్వు ఇక ఎక్కువగా బయట పనుల మీద తిరుగుతావని చెప్పాడు అంది. నాకు అలాంటి మాటే ఎవరూ చెప్పలేదు. నియమం గంగలో కలిసింది.

"నిన్న నన్ను పిలిచాడు. మన నలుగుర్లో ఎవర్ని తీసెయ్యాలో చెప్పమన్నాడు."

పిచ్చుక గడ్డం కింది నుంచి బట్ట జారిపోయింది. "నిన్ను కూడా అడిగాడా?" అంది.

ఆ మాటకి మిగతా ఇద్దరూ దాని వైపు, తర్వాత ఒకరి వైపొకరు చూసుకున్నారు. ఎవరికి వాళ్ళు తనొక్కదాన్నే అడిగాడనుకున్నారని ఆ చూపుల్లోనే తెలిసింది. పెద్దక్కే ముందు నోరు విప్పింది.

"నీ పేరే చెప్పానమ్మా. నీ చేతిలో పనుంది. నువ్వైతే ఎక్కడైనా బతుకుతావు. మేం బతకలేం."

లాయరమ్మ తల వంచుకుని, నేనూ అదే అన్నాను అంది. పిచ్చుక మడిచిన తెరలో మొహం పెట్టి ఏడ్చింది. ముగ్గురూ అప్పుడే చెప్పేసి ఉంటే మరి నన్నెందుకు అడిగాడని అడిగాను. అందరి మాటా తీసుకున్నానని చెప్పుకోవడానికి అంది లాయరమ్మ.

కోపం వచ్చింది. మంచం మీదున్న మా ఆయన కళ్ళముందు కదిలాడు, ఆ గ్లాసులు తీసి నేలకేసి కొట్టాలనిపించింది. కానీ ఏ మొహం పెట్టుకుని అరవను? నా నోట్లోనూ ఒక పేరుంది. వాళ్ళు నా చేతి పని చూసుకుని నన్ను తూచారు, నేను కొడుకునీ కోడల్నీ చూసి పెద్దక్కని తూచాను. షాపు మాట ముందు ఎత్తింది నేనే కాబట్టి తిండి సంచి నేనే భుజానికెత్తుకున్నాను. లాయరమ్మ కూడా వాదించలేదు.

తిరుగు బస్సులో పెద్దక్క నా పక్కన కూర్చుంది. కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

"నువ్వెవరి పేరు అనుకున్నావే?"

"నీదే అక్కా."

ఆవిడ శాలువా అంచుని వాచిన వేళ్ళతో తడిమింది. పొద్దున ఇది కప్పినప్పుడే నాకు తట్టాల్సింది అంది. శాలువా తీసి, మడిచి నా ఒళ్ళో పెట్టింది. నేను వద్దనలేదు, తీసుకోనూ లేదు. బస్సు సరస్సు దాటేసరికి చలి ముదిరింది, ఆవిడ చేతులు ముడుచుకుని వణుకుతోంది. కాసేపటికి తనే దాన్ని మళ్ళీ విప్పి ఇద్దరి మోకాళ్ళ మీదా పరిచింది. నా వైపు మూల జారిపోకుండా నేను పట్టుకున్నాను.