సినిమా పట్టుకుపోయిన "సరే"

గొంతమ్మకు నలభై రెండేళ్లు. పొద్దున్నే గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలిస్తే గాని ఎవరితోనూ మాట్లాడదు. సినిమాల్లో హీరోయిన్లకు డబ్బింగ్ చెబుతుంది కాబట్టి ఆ పేరు.

ఆఖరి సీనులో హీరోయిన్‌కు చివరగా ఏ మాట చెబితే ఆ మాట గొంతమ్మ గొంతులోంచి వెళ్లిపోతుంది. హాళ్లలోంచీ టీవీల్లోంచీ సినిమా ఎత్తేశాకే తిరిగొస్తుంది. ఇంట్లో అందరికీ అలవాటే. "అలాగే", "మీ ఇష్టం" పోయి ఏళ్లయింది. ఆ సినిమాలు ఇంకా టీవీల్లో వస్తూనే ఉన్నాయి. ఒప్పుకునే మాటల్లో మిగిలింది "సరే" ఒక్కటే. సంసారం దాని మీదే నడుస్తోంది.

మొగుడికో పద్ధతి ఉంది. అన్నీ తనే నిర్ణయించేసి, తర్వాత పెళ్లాం నోటితో సరే అనిపించుకుంటాడు. రేపు బలవంతపెట్టారని ఎవరూ అనకూడదట. ఈసారి నిర్ణయం పెద్దది. భార్య పోయిన అన్నగారింటికి అందరూ మారిపోవాలి. గొంతమ్మ పని మానేసి అక్కడి వంటిల్లు చూసుకోవాలి. అన్నగారి కొడుకులిద్దరికీ మీసాలొచ్చాయి గాని మంచినీళ్లు ముంచుకోవడం ఇంకా రాలేదు. రెండు నెలలాగి ఓ ఆదివారం బావగారే వచ్చి ఆవిడ మాట వింటానన్నారు.

సరిగ్గా అప్పుడే ఒక ప్రేమకథ డబ్బింగుకొచ్చింది. ఆఖర్న హీరో హీరోయిన్ని చెంపమీద కొట్టి, ప్రేమతోనే కొట్టానని చెప్పి, రమ్మంటాడు. ఆ పిల్ల "సరే" అనాలి. కాగితం చూడగానే గొంతమ్మ డైరెక్టరు దగ్గరికెళ్లింది.

"ఇక్కడ ఏమీ అనకుండా వెళ్లిపోతే బాగుండదా, బాబూ?"

"పెదాలు కదిలాయి కదక్కా," అన్నాడు డైరెక్టరు. "కదిలిన నోట్లో ఏదో ఒకటి పెట్టాలి."

"పో అంటాను."

"పో అంటే పెదాలు కలవాలి. ఇక్కడ కలవలేదు."

ఇక చేసేదేముంది, చెప్పింది. మైకు ముందునుంచి లేచేసరికే సరే లేదు.

నెల తిరిగేలోగా సినిమా విడుదలైంది. మొదట హాళ్లు ఖాళీ. చెంపదెబ్బకు సరే అనే ఆడదాన్ని రచయిత ఏ గ్రహం మీద చూశాడని ఒక పత్రికలో ఉతికేశారు. నిర్మాత తల పట్టుకుంటే గొంతమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ ఆదివారంలోగా సినిమా ఎత్తేస్తే మాట తిరిగొస్తుంది, ఇంట్లో గొడవ తప్పుతుంది. అంతలో ఆ చెంపదెబ్బ ముక్క ఫోన్లలోకి ఎక్కింది. వెక్కిరించడానికి కొందరు, ముచ్చటపడి కొందరు, అందరూ హాళ్లకు పరిగెత్తారు. బస్సులో ఆవిడ పక్క సీటాయన ఫోను కూడా ఆవిడ గొంతుతోనే సరే, సరే అంటోంది. ఆవిడ తర్వాతి స్టాపులోనే దిగిపోయింది.

ఆదివారం బావగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"నీ నోటితో ఒక్కమాట అనమ్మా, చాలు."

"అనవే. తల ఊపితే చెల్లదు," అన్నాడు మొగుడు.

గొంతమ్మ నోరు తెరిచింది. సరే రాలేదు. లోపలంతా వెతుక్కుంది. అట్టడుగున ఒక మాట కొత్తగా, మడత నలగకుండా ఉంది. ఆఖరి సీనులో ఆడదానికి ఏ రచయితా ఇవ్వని మాట.

"వద్దు," అంది.

అలవాటైన గొంతు కదా, ఆఖరి వరస దాకా వినపడేలా వచ్చింది. ఆవిడ నోటితోనే అంది గనక చెల్లదనడానికి లేదు. మొగుడు నీరసంగా అడిగాడు, "సినిమా ఎప్పుడెత్తేస్తారట?"

బావగారు వంటమనిషిని పెట్టుకున్నారు. గొంతమ్మ ఆ తర్వాత పదిహేనేళ్లు డబ్బింగ్ చెప్పింది. ఆఖర్న హీరోయిన్ "వద్దు" అనే సినిమా ఒక్కటీ ఒప్పుకోలేదు.