కడగడానికి తగిన కాళ్ళు

ప్రతి నెలా రెండో శనివారం పొద్దున సుకన్య ఎవరో ఒక ముసలమ్మ కాళ్ళు కడుగుతుంది. మధ్యాహ్నం అవే కాళ్ళను ఆమె భర్త రామ్‌దాస్ అయ్యగారు వేదిక మీద, రెండు కెమెరాల ముందు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ మళ్ళీ కడుగుతాడు. మొదటి కడుగుడు సంగతి బోధన్ రోడ్డులోని ఫంక్షన్ హాల్లో కూర్చున్న వెయ్యిమందిలో ఒక్కరికీ తెలియదు.

యేసుప్రభువు శిష్యుల పాదాలు కడిగాడు కాబట్టి దైవజనుడూ కడగాలని ఆరేళ్ళ కిందట రామ్‌దాసే ఈ పద్ధతి పెట్టాడు. మొదటిసారి నవీపేట్ నుంచి వచ్చిన ఒక ముసలి రైతును అప్పటికప్పుడు పిలిచి కూర్చోబెట్టాడు. పగుళ్ళలో పేడ, గోళ్ళ కింద నల్లమట్టి, పైనుంచి చెమట వాసన. ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బుతో చేతులు తోముకున్నాడు. రెండు రోజులు అన్నం చెంచాతో తిన్నాడు. ఆ నెల నుంచి ఈ పని సుకన్య నెత్తిన పడింది. వేణ్ణీళ్ళు, సర్ఫు, ఇటుకముక్కతో మడమలు రుద్దడం, గోళ్ళు తీయడం, చివర డెట్టాలు. అంతా అయ్యాక పూలకుండీలోంచి మెత్తటి మట్టి వేళ్ళతో తీసి, తెల్లబడ్డ ఆ పాదాలకు మళ్ళీ పూయాలి. పళ్ళెంలో నీళ్ళు రంగు మారకపోతే కెమెరాలో ఏం కనపడుతుంది? వినయానికి కూడా ఇంత ముస్తాబు కావలసి వచ్చిందంటే ఆ వినయం ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

మనిషిని వెతికి తేవడం పోశన్న పని. సంఘంలో కుర్చీల దగ్గర్నుంచి మైకుల దాకా అన్నీ అతని చేతిలోనే ఉంటాయి. మనిషి చూడగానే బీదగా ఉండాలి, కాలికి పుండు మాత్రం ఉండకూడదు. అయ్యగారికి కడుపులో తిప్పుతుంది.

రామ్‌దాస్ పుట్టుకతో ఇట్లాంటివాడయితే సుకన్యకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. పదిహేనేళ్ళ కిందట అతను ఎడపల్లి చుట్టూ చెరుకు కొట్టే కూలీల గుడిసెల్లోకి పాత సైకిలు మీద పోయేవాడు. జ్వరంతో పడున్నవాళ్ళ తలాపున కూర్చొని, నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ప్రార్థన చేసేవాడు. తెల్లారి తనే సైకిలు మీద ఎక్కించుకొని బోధన్ దవాఖానాకు తీసుకుపోయేవాడు. నయమైతే "ప్రభువు ముట్టిండు" అనేవాడు. ఆ ఒక్క మాట విని సుకన్య పెళ్ళికి ఒప్పుకుంది. కొన్నేళ్ళకు అది "ప్రభువు నా చేత ముట్టించిండు" అయింది. ఇప్పుడు "నేను ముట్టిన" దగ్గరికి వచ్చింది. ప్రభువు ఎప్పుడు జారిపోయాడో ఎవరూ గమనించలేదు. ఫ్లెక్సీలో కూడా ఆయన బొమ్మ పైమూలకు చిన్నగా ఉంటుంది, అయ్యగారి బొమ్మ నిలువెత్తు. పేరుకు ముందు డాక్టరు అని వేసుకుంటాడు. ఏం చదివాడని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, సుకన్యకు కూడా.

ఈ శనివారం పోశన్న కాళ్ళు చూడకుండానే ఎడపల్లి నుంచి హన్మవ్వను తెచ్చాడు. అరవై దాటిన మనిషి, బీడీలు చుట్టి బతుకుతుంది, ఉన్న ఒక్క కూతురు నాందేడ్ అవతల ఉంది. సుకన్యకు ఆమె కొత్త కాదు. సైకిలు రోజుల్లో రామ్‌దాస్ ఆకలేసి ఆగే ఇల్లు అదే. జొన్నరొట్టె కాల్చి పెట్టేది. పేరుమోశాక రామ్‌దాస్ ఆ గడప తొక్కలేదు. హన్మవ్వ మాత్రం ప్రతి సభకూ వచ్చి వెనక వరుసలో నేల మీద కూర్చునేది.

మొన్న ఎండాకాలంలో ఆమె వేదిక ఎక్కి సాక్ష్యం చెప్పింది. షుగరుతో అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండేవని, అయ్యగారు చెయ్యి పెట్టాక మంట పోయిందని చెప్పింది. వేదిక ముందు నీలం డ్రమ్ము ఒకటి పెడతారు. నయమైనవాళ్ళు తమ మందులు అందులో వేసి పోవాలి, విశ్వాసానికి అదే గుర్తు. హన్మవ్వ కొంగు ముడి విప్పి నాలుగు అట్టల షుగరు గోలీలు అందులో వేసింది. హాలంతా చప్పట్లు. ఆ వీడియోను తొమ్మిది లక్షల మంది చూశారని రామ్‌దాస్ వారం రోజులు చెప్పుకున్నాడు.

ఇంటి వెనక బండ మీద కూర్చోబెట్టి సుకన్య ఆమె కుడికాలికి చుట్టిన పాత గుడ్డ విప్పింది. విప్పుతుండగానే వాసన కొట్టింది. బొటనవేలు, పక్క రెండు వేళ్ళు బొగ్గులా నల్లబడి ఉన్నాయి. అరికాలిలో రూపాయి బిళ్ళ పట్టేంత గుంట. దాని చుట్టూ చీము. సుకన్య చెంబు కింద పెట్టేసింది.

"ఎన్ని దినాలైంది అవ్వా గిట్లయి?"

"నెల అయితుండొచ్చు అమ్మగారూ. నొప్పి లేదు. సూది గుచ్చినా తెలుస్తలేదు, సీమ పాకినా తెలుస్తలేదు. ప్రభువు నొప్పిని మొత్తానికే తీసేసిండు."

ఆ మాట హన్మవ్వ సంతోషంగా చెప్పింది.  సుకన్య బాపు షుగరుతోనే పోయాడు. మొదట అరికాళ్ళ మంటలు, తర్వాత మొద్దుబారడం, ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆమె కళ్ళారా చూసింది. మంట పోయింది స్వస్థతతో కాదు, కాలు చచ్చి పోయింది. దాన్నే సాక్ష్యమని మైకులో చెప్పించారు, చప్పట్లు కొట్టించారు, గోలీలు పారేయించారు.

ఆమె గబగబా లోపలికి పోయింది. రామ్‌దాస్ అద్దం ముందు కూర్చొని మీసానికి రంగు వేసుకుంటున్నాడు. హన్మవ్వ కాలు కుళ్ళిపోయిందని, ఇప్పుడే దవాఖానాకు తీసుకుపోవాలని చెప్పింది. అతను చెయ్యి ఆపలేదు. సాక్ష్యం చెప్పిన మనిషిని దవాఖానాలో పడుకోబెడితే, మందులు ఎందుకు ఆపావని డాక్టరు అడిగితే, ఆమె ఎవరి పేరు చెప్తుందో ఆలోచించావా అన్నాడు.

"ప్రార్థన నూనె సీసా చేతిలో పెట్టి ఎడపల్లికి తోలుండ్రి," అన్నాడు. "పోశన్న ఇంకో ముసలిదాన్ని తెస్తడు. మంచి కాళ్ళున్నదాన్ని సూడుమను."

ఆ మనిషి చేతి రొట్టె తిన్నవాడు అన్న మాట అది. సుకన్యకు ఆ రంగుసీసా ఎత్తి అతని మొహాన కొట్టాలనిపించింది.

ఇక్కడ సుకన్య చేయవలసిన పని ఒక్కటే ఉంది. గేటు బయటికి పోయి ఆటో పిలిస్తే పావుగంటలో దవాఖానాలో ఉంటారు. ఆమె అది చేయలేదు. పొద్దున పది గంటలకు ఆమె బుర్రలోకి వేరే ఆలోచన వచ్చింది. ఆ కాలును వెయ్యిమంది ముందు అతని చేతిలోనే పెట్టాలి, అప్పుడు అతని మొహం ఎట్లా ఉంటుందో తాను చూడాలి. గుడ్డ మళ్ళీ చుట్టేసి, అయ్యగారు ఒప్పుకున్నాడని పోశన్నకు అబద్ధం చెప్పింది. హన్మవ్వకు తన చీర కట్టించి, కుచ్చెళ్ళు పాదాల మీదికి దించింది. మూడు గంటల సేపు ఆ ముసలమ్మను వేదిక పక్క గదిలో కూర్చోబెట్టింది. న్యాయం చేస్తున్నానని అనుకుంది. మొగుడికి తలబిరుసని మండిపడే మనిషికి తన తలబిరుసు కనపడలేదు.

ఒంటిగంటకు పాటలు అయిపోయాయి. తెల్ల లాల్చీ వేసుకున్న రామ్‌దాస్ మోకాళ్ళ మీద కూర్చొని, నడుముకు తువాలు చుట్టుకున్నాడు. నేను దాసుడిని, మీ కాలిధూళిని అని మైకులో వణుకుతూ చెప్పాడు. కుర్చీలో ఉన్నది హన్మవ్వ అని చూశాక ఒక్క క్షణం సుకన్య వైపు తిరిగాడు. కెమెరాలు నడుస్తున్నాయి, లేవడానికి లేదు. ఎడమకాలు కడిగాడు. కుడికాలి గుడ్డ తీశాడు.

ముందు వరుసలవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. దాసుడు వెనక్కి జరిగి కూలబడ్డాడు, పళ్ళెం తన్నుకొని నీళ్ళు లాల్చీ మీద పడ్డాయి. వాంతి ఆపుకోవడానికి తువాలు నోట్లో కుక్కుకున్నాడు. సుకన్య కోరుకున్నది సరిగ్గా ఇదే. కళ్ళు తిప్పకుండా చూసింది. అరనిమిషం ఆమెకు చాలా హాయిగా ఉంది.

ఆ అరనిమిషం దాటాక రామ్‌దాస్ లేచాడు. ఆరేళ్ళుగా వేదికలు ఏలినవాడు ఊరికే పడిపోతాడా? మైకు అందుకొని మెత్తగా, జాలిగా అడిగాడు.

"హన్మవ్వా, నిజం చెప్పు. స్వస్థత అయినంక మల్ల మందులు మింగినవా?"

 నిండు సభలో నిలదీస్తే ఆమె ఏనాడూ అబద్ధం చెప్పి ఎరుగదు.

"జరమొస్తే రెండు గోలీలు మింగిన అయ్యగారూ. తప్పైంది. నా ఇశ్వాసం తక్కువైంది."

హాలంతా అయ్యో అంది. జాలి హన్మవ్వ మీద కాదు, ఆమె అవిశ్వాసం మీద. చూశారా అని రామ్‌దాస్ చేతులు చాచాడు. దేవుడు తీసిన రోగాన్ని మనిషి గోలీలతో తిరిగి పిలుచుకుంటాడని వాక్యం అందుకున్నాడు. హన్మవ్వ కుర్చీలోంచి కిందికి దిగి అతని కాళ్ళు పట్టుకుంది. అతను రెండడుగులు వెనక్కి వేసి, దూరం నుంచే ఆమె నెత్తి మీదుగా గాలిలో చెయ్యి ఊపాడు. ఆ పుండు కంటే ఆ చెయ్యి అసహ్యంగా ఉంది. సుకన్య వేదిక ఎక్కి, గోలీలు పారేయించింది మేమేనని మైకు లేకుండానే అరిచింది. పోశన్న పాట పెట్టేశాడు. డప్పుల మోతలో ఆమె గొంతు రెండో వరుస దాకా కూడా పోలేదు. హన్మవ్వను ఎత్తి భుజాన వేసుకొని బయటికి నడిచింది.

పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ కాలు చూసి, చురుగ్గా నాలుగు ప్రశ్నలు అడిగి, మోకాలి కింద తీసేయాలని చెప్పింది. నెల కిందట వస్తే ఒక్క వేలితో పోయేదట. పొద్దున పదింటికే వస్తే ఏమన్నా మిగిలేదా అని సుకన్య అడిగింది. గంటల్లో పోయిన కాలు కాదమ్మా, నెలల్లో పోయిన కాలు అందామె. సుకన్య గుండె తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. సాయంత్రం లోపల ఆపరేషన్ చేశారు. అదే సాయంత్రం పోశన్న వీడియో పెట్టాడు. పళ్ళెం తన్నిన ముక్క కోసేశాడు. అవిశ్వాసం తెచ్చిన ముప్పు అని దానికి పేరు.

ఇంతదాకా సుకన్యను మంచిమనిషి పక్కనే నిలబెట్టి చెప్పుకొచ్చాను. ఆమె కూడా తనను అట్లాగే అనుకునేది. ఆ ఇంట్లో దేవుడికి భయపడేది తానొక్కతేనని, మొగుడి పాపం తనకు అంటలేదని లోపల్లోపల ఒక గర్వం. కానీ రామ్‌దాస్‌కు ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది. రోజూ పొద్దున గోలీ, రాత్రి గోలీ. మందుల షాపులో సంఘం వాళ్ళెవరైనా చూస్తే పరువు పోతుందని కొనడం మానేశారు. నెలనెలా నీలం డ్రమ్మును ఇంట్లో కుమ్మరించి, మిగతావి పారబోసి, షుగరు అట్టలు మాత్రం ఏరి దాచేది సుకన్యే. నీళ్ళగ్లాసుతో అతని చేతికి ఇచ్చేదీ సుకన్యే. ఎండాకాలం నుంచి అతను మింగిన వాటిలో హన్మవ్వ నాలుగు అట్టలూ ఉన్నాయి.

మూడోరోజు హన్మవ్వ కొంచెం లేచి కూర్చుంది. నా పాపమే నా కాలు తిన్నదని వార్డులో పక్క మంచం వాళ్ళకు చెప్పుకుంటోంది. ఆ రెండు జ్వరం గోలీలు మింగకపోతే కాలు ఉండేదని ఆమె నమ్మకం. ఇక అది వినలేక సుకన్య మంచం పక్కన నేల మీద కూర్చొని అంతా చెప్పేసింది. డ్రమ్ము సంగతి, ఏరడం సంగతి, ఎవరు మింగారో, ఎవరు ఇచ్చారో, ఒక్కటీ దాచలేదు. చెప్పి ఏడ్చింది.

 హన్మవ్వ లేని కాలు దగ్గర దుప్పటి సర్దుకుంది.

"గట్లయితే ఆయన కాళ్ళు మంచిగున్నయా?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నయి అవ్వా."

"రోజూ నువ్వే ఇచ్చినవు."

"నేనే ఇచ్చిన."

"నాకొక్కమాట చెప్పకపోతివి సుకన్యా." అమ్మగారు అనలేదు. కోపంగానూ అనలేదు.

సిస్టర్ ఇచ్చిపోయిన మధ్యాహ్నం గోలీ బల్ల మీద ఉంది. సుకన్య కళ్ళు తుడుచుకొని గోలీ, నీళ్ళగ్లాసు అందించింది. హన్మవ్వ ఆ చేతిని చూసింది, తీసుకోలేదు. వార్డు చివర ఉన్న సిస్టర్ ఒక్కో మంచం దాటుకుంటూ తన దాకా వచ్చేవరకు ఆగి, ఇంకో గోలీ అడిగి తీసుకొని మింగింది.