తలుపు అవతలి ‘ఊఁ’

ఆ వేసవిలో జబ్బుకి జడిసి వీధులన్నీ మూతపడ్డాయి. లిఫ్టు మెకానిక్ ఇంట్లో లోపలి గది తలుపు కూడా మూతపడింది. ఆయనకు జ్వరం తగిలింది, పరీక్ష చేయిస్తే ఆ జబ్బేనని తేలింది. గదిలో ఆయన, బయట భార్య. ఇంట్లో ఉన్నదే ఇద్దరు.

డాక్టరమ్మ ఫోన్లో ఒక్కటే చెప్పింది. "ఆయన చేత మాట్లాడిస్తూ ఉండండి. ఒక వాక్యం చెప్పడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారంటే, ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకురండి."

చెప్పడం తేలికే. ఆ మనిషి చేత వాక్యం పలికించడమంటే మాటలా? పెళ్లయిన నాటి నుంచీ ఆయన బెల్లం కొట్టిన రాయే. కూర ఎలా ఉందంటే ఊఁ, చుట్టాలొస్తున్నారంటే ఊఁ, ఇల్లు తగలబడుతోందన్నా ఊఁ అనే రకం. ఆవిడేమో వసపిట్ట. ఇద్దరి వంతూ తానే మాట్లాడి ఇన్నేళ్ల కాపురం నెట్టుకొచ్చింది. ఇప్పుడా ‘ఊఁ’ అలవాటుదో ఆయాసానిదో తలుపు బయటి నుంచి ఎలా తెలుస్తుంది? 

అందుకని కుర్చీ తెచ్చి తలుపు దగ్గర వేసుకుంది. ఊఁతో తప్పించుకోలేని ప్రశ్న ఒకటి వెతికి అడిగింది.

"ఏమండీ, లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల మనుషులుంటే ముందేం చేస్తారు?"

లోపల మంచం కిర్రుమంది. తర్వాత, "మాట్లాడతాను," అని వినపడింది.

"మీరా?"

"లోపలివాళ్లు భయపడి తలుపులు గుంజుతారు. అలా గుంజకుండా పైనుంచి కబుర్లు చెబుతూ పని చేసుకుంటాను. ఒకసారి ఒక పెద్దావిడకి మన పెళ్లి సంగతి మొత్తం చెప్పాను. నవ్వీ నవ్వీ ఆవిడ భయమే మర్చిపోయింది."

ఆవిడకు ఒళ్లు మండింది. ముక్కూమొహం తెలియనివాళ్లకు కబుర్లట, కట్టుకున్నదానికి ఊఁలట! కానీ వాక్యం ఎక్కడా తెగలేదు. ఆ సంతోషం ముందు కోపం నిలవలేదు.

ఆనాటి నుంచి పూటకో ప్రశ్న. మొదట్లో ఊపిరి కోసమే అడిగింది. పోనుపోను నిజంగానే తెలుసుకోవాలనిపించింది. మేడ మీద మోటారు గదిలో ఒక్కరే కూర్చుంటే ఏం తోస్తుంది? లిఫ్టు గుంతలోకి మొదటిసారి దిగినప్పుడు ఎవరిని తలుచుకున్నారు? ఆయన చెబుతూ పోయాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ, గిన్నెలు తోముతూ ఆ జవాబులే నెమరు వేసుకునేది. వీధిలో బండ్ల రొద కూడా లేదేమో, ఆలోచనకు అడ్డొచ్చేదేమీ లేకపోయింది. ఇన్నాళ్లూ తాను మాట్లాడింది గానీ, అడిగి ఆగింది ఎన్నిసార్లు? ఆ మాట తోచినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

తర్వాత ఒకటి రెండు రోజులు జవాబులు పొట్టివైనా, జ్వరం నీరసమనుకుంది. ఒక మధ్యాహ్నం, "మిమ్మల్ని బాగా ఏడిపించిన లిఫ్టు ఏదండీ?" అని అడిగింది.

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఏదని కదా అడిగాను."

"పాతది."

"నిద్రొస్తోందా?"

"ఊఁ."

జబ్బుకి ముందైతే, సరేలే, ఆయన తీరే అంత అని లేచి వెళ్లిపోయేది. ఇప్పుడు ఆయన ఎలా మాట్లాడతాడో ఆవిడకు తెలుసు. ఇది అలవాటు ఊఁ కాదు. మధ్యలో ఆయాసం బయటపడుతుందని మనిషి మాటే మానేశాడు. మూతికి కొంగు చుట్టుకుని ఆవిడ తలుపు తోసింది. ఆయన మంచం పట్టె పట్టుకుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాగుతున్నాడు.

మనిషి దక్కాడు. కానీ ఆ సంగతి తేలడానికి వారాలు పట్టింది. ఆ మధ్యాహ్నం అంబులెన్సువాళ్లు స్ట్రెచర్ మీద ఆయన్ను మెట్లు దింపుతుంటే, ఇదే కడసారి చూపేమోనని ఆవిడ తల్లడిల్లిపోయింది.

"ఎప్పటి నుంచండీ ఆయాసం?"

ఆయన రెండు వేళ్లు చూపించాడు.

"రెండు రోజులా! ఎందుకు దాచారు? మీకేమైనా అయితే నేనేమైపోవాలి?"

అంబులెన్సు తలుపు తెరిచారు. ఆవిడ ఎక్కడానికి వీల్లేదన్నారు. ఆయన మాస్కు కిందికి లాగి, ఒక్కో మాటా కూడదీసుకున్నాడు.

"అక్కడికి పోతే... నన్నిలా... ఎవరడుగుతారే?"