బతికున్నవాళ్ళకి రాయని మాట

పాపారావు ఎర్రరంగు డబ్బా మూతని మేకుతో లేపి, పైన మీగడలా కట్టిన పొరని పుల్లతో పక్కకి తీసి, అడుగు రంగుని కొబ్బరిచిప్పలోకి వంచాడు. టర్పెంటైన్ చుక్కలు వేసి, చూపుడువేలితో కలిపి, గోటి మీద పూసుకుని వెలుతురులో చూశాడు. బోర్డులు రాయడం మొదలెట్టిన దగ్గర్నుంచీ ఆ గోరు ఏదో ఒక రంగులోనే ఉంది. దాని అసలు రంగేమిటో భార్య మహాలక్ష్మమ్మకి కూడా తెలీదు.

"ఎడమ భుజం లాగుతోందన్నారు. ఇవాళ్టికి మానేద్దురూ" అందావిడ.

"రాసేది కుడిచేత్తో కదే. సత్యం పిలిచేడు. వాడి పడవ రేపు నీళ్ళలోకి దిగుతుందిట."

సంచి హేండిలుకి తగిలించి, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, సైకిలెక్కాడు. సన్నటి మనిషి. మోచేతుల దాకా మడిచిన చొక్కా మీద ఊళ్ళో బోర్డులన్నిటి రంగులూ చుక్కలు చుక్కలుగా ఉన్నాయి.

కపిలేశ్వరపురం చుట్టుపక్కల బోర్డుల మీద కనిపించే పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలన్నీ అతని చేతివే. అయిదో తరగతితో బడి మానేసి, హైస్కూలు ఇంగ్లీషు మేష్టారి దగ్గర మాటకో కొబ్బరిబొండం ఇచ్చి నేర్చుకున్నాడు. మేష్టారికి జలుబు చేసిన ఏడాది కొత్త మాట ఒక్కటీ ఊళ్ళోకి రాలేదంటారు. ఏ మాట ఎవరికి చెందాలో తేల్చింది మాత్రం పాపారావే. టైలరుకీ సైకిలు షాపుకీ 'పాపులర్'. టిఫిను హోటలుకి 'ఫేమస్', అదీ తను తిని చూశాకే. డాక్టరుకి 'రినౌన్డ్'. ప్లీడరుకి 'ఎమినెంట్'. సూరమ్మ పెసరట్ల బండికి 'ఫేమస్' రాసిన మర్నాడు రావులపాలెం బస్సు స్టాపు కాని చోట ఆగిపోయింది. డ్రైవరు బ్రేకు తొక్కనేలేదనీ, ఆకలేసింది బస్సుకేననీ సూరమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

అన్నిటికన్నా పై మెట్టు మాట 'లెజెండ్'. అది బతికున్నవాళ్ళకి రాయడు. ఒకే ఒక్కసారి, రైసుమిల్లు ఆసామి పట్టుబడితే మిల్లు గోడ మీద రాశాడు. రంగు ఆరకముందే ఆసామి కన్ను మూశాడు. ఆయనకి తొంభై దాటాయనీ, మంచాన పడి ఏడాదయిందనీ ఎవరూ గుర్తు చేసుకోలేదు. పాపారావు కూడా గుర్తు చేసుకోలేదు. ఇప్పుడు ఫ్లెక్సీలొచ్చాక మీసం మొలవని కుర్రాడు కూడా పుట్టినరోజు నాడు లెజెండే. ఆ ఫ్లెక్సీల కింద నుంచి వెళ్ళేటప్పుడల్లా పాపారావు సైకిలు దిగి, ఆ పిల్లలకేమీ కాకూడదని దణ్ణం పెట్టుకుని మరీ వెళ్తాడు.

రేవులో ఇటుకల మీద నిలబెట్టిన పడవ నీలం రంగు పూసుకుని నిగనిగలాడుతోంది. దాని ముక్కుకి ఎదురుగా కొబ్బరిచెట్టు నీడన నులకమంచం వేసి సత్యాన్ని పడుకోబెట్టారు. లంకలకీ ఈ ఒడ్డుకీ మధ్య నలభై ఏళ్ళు గెడ వేసిన మనిషి. ఇప్పుడు ఆ చేతుల మీద చర్మం వదులు చొక్కాలా వేలాడుతోంది. కాకినాడ డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒకప్పుడు వరదలో పెళ్ళివారిని బ్యాండు మేళంతో సహా దాటించాడనీ, నడి ఏట్లో సుడి తిరిగినా డోలు మోత ఆగలేదనీ, గోదారే కాసేపు నిలబడి విన్నదనీ చెప్పుకుంటారు.

"రండి బాబాయ్ గారూ" అంటూ సత్యం కూతురు నాగదుర్గ ఎదురొచ్చింది. ఇప్పుడు పడవ నడిపేది ఆవిడే. "పొద్దుట్నించీ మీ కోసమే చూస్తున్నారండి."

పాపారావు మంచం పట్టె మీద కూచున్నాడు. "ఏం రాయమంటావురా?"

"నా పేరు. దాని ముందు లెజెండ్."

పాపారావు చెయ్యి సుద్దముక్క దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఫేమస్ రాస్తాను."

"అది పెసరట్లకి కదరా. నేనేమన్నా అల్లం వేసి కాల్చేనా?"

"పోనీ, రినౌన్డ్."

"సూదిమందు ఇవ్వడం నాకు చేతకాదు."

"ఎమినెంట్?"

"ప్లీడర్ల ఎంగిలి మాట నాకొద్దు."

"పోనీ సెలబ్రిటీ అనుకో. అది ఇంతవరకూ ఎవ్వరికీ రాయలేదు."

"అది మొహానికి పౌడరేసుకునేవాళ్ళది. నా మొహానికి అంటుద్దేంట్రా?"

నాగదుర్గ నవ్వబోయి, తండ్రి గుండె ఎగిరిపడడం చూసి ఆగిపోయింది.

"బతికున్నోళ్ళకి ఆ మాట రాయనని నీకు తెలుసు కదరా" అన్నాడు పాపారావు, నేల చూస్తూ.

సత్యం ఊపిరి కూడదీసుకున్నాడు. "చచ్చేక రాస్తే నేను చూసుకునేదెలాగ? ఇన్నేళ్ళూ రేవులోకొచ్చినోడల్లా 'ఓయ్ పడవా!' అని పిలిచేడు గానీ, సత్యం అని పిల్చినోడు లేడు. ఒక్కసారి చదువుకుని పోతాన్రా."

పాపారావు ఏటికేసి చూస్తూ కూచున్నాడు. రాస్తే తన చేత్తో స్నేహితుణ్ణి సాగనంపినట్టు. రాయకపోతే వాడు ఆ మాట చూసుకోకుండానే పోతాడు. లేచి, సుద్దముక్క తీశాడు.

"ఈ మాటకి ఆకలెక్కువ. ఎవరో ఒకరు కావాలి దానికి" అని గొణిగాడు.

"ఏంటండీ బాబాయ్ గారూ?"

"ఏం లేదమ్మా. టీ పెట్టు."

"ఆయ్" అని నాగదుర్గ ఇంట్లోకి వెళ్ళింది.

సుద్ద రాసిన దారం సాగదీసి వదిలితే నీలం మీద తెల్లగీత పడింది. వెదురుకర్ర ఆనించి, దాని మీద మణికట్టు నిలిపి, ఊపిరి బిగబట్టి కుంచె దించాడు. ఒక్కో అక్షరం తర్వాతా ఆగి, చెమట తుడుచుకున్నాడు. గాలి చల్లగానే ఉంది. ఎడమ చెయ్యి ఇంక లేవనంది. దాన్ని ఒళ్ళోకి వాల్చుకుని రాశాడు. పేరు చివర సున్న చుట్టేసరికి ఎండ కొబ్బరిచెట్ల నడుముకి దిగింది.

సత్యం తల ఎత్తి, బళ్ళో పిల్లాడిలా కూడబలుక్కున్నాడు. "లె... జెం... డ్. సత్యం." మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మూడోసారి చదవలేకపోయాడు. కళ్ళు తుడుచుకుని, "కింద నీ పేరు రాయవేంట్రా?" అన్నాడు.

పాపారావు ఏనాడూ బోర్డు మూల తన పేరు రాసుకోలేదు.

"రాస్తే, అక్షరం వంకరపోయినప్పుడు తిట్టడానికి ఇంటికొస్తారు."

"వస్తే రానీ. రాయి."

"ఆరనీ. ఆరేక రాస్తాను."

రాసిన వెంటనే కుంచెని కిరసనాయిల్లో కడిగి, వేళ్ళతో మొన తీర్చి, గుడ్డలో చుట్టడం అతని అలవాటు. ఇవాళ దాన్ని కొబ్బరిచిప్పలోనే నిలబెట్టి, పడవ నీడలో జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

నాగదుర్గ టీ తెచ్చింది. "బాబాయ్ గారూ, టీ అండి."

"లేపకమ్మా" అన్నాడు సత్యం. "రంగు ఆరేదాకా వాడంతే."

గ్లాసు ఇసకలో పెట్టి వెళ్ళిందామె. టీ మీద పొర కట్టింది. గాలికి చెవి మీది సుద్దముక్క జారి ఒళ్ళో పడింది. పాపారావు చెయ్యి దాన్ని అందుకోలేదు. మంచం మీద సత్యం, ఎన్నో రోజులుగా తనంతట తను లేవని మనిషి, మోచెయ్యి ఆనించి లేచాడు.

"ఒరే" అన్నాడు. "ఒరే పాపారావూ."

స్నానం చేయించినప్పుడు ఆ గోటి మీది ఎరుపు వదల్లేదు. రుద్దుతున్నవాళ్ళ చేతిని మహాలక్ష్మమ్మ ఆపి, "ఉండనివ్వండి" అంది.

పడవ ఆలస్యంగా నీళ్ళలోకి దిగింది. డాక్టర్లు చెప్పిన గడువు దాటి కార్తీకం వచ్చినా సత్యం ఆ పడవలోనే కూచుని తిరుగుతున్నాడు. రేవులోకొచ్చినవాళ్ళు పడవ మీది అక్షరాలు చదివి, పేరు పెట్టి పిలుస్తున్నారు. పలుకుతాడు గానీ నవ్వడు. "నా వంతు వాడు పట్టుకుపోయేడు" అంటాడు ఎవరైనా అడిగితే. అక్షరాల కింద జానెడు చోటు నీలంగా అలాగే ఉంది. ఫ్లెక్సీ కుర్రాళ్ళు వచ్చి రాస్తామంటే సత్యం రాయనివ్వలేదు.

పడవ ముందు చెక్క మీద కొబ్బరిచిప్ప ఉంది. అందులో ఎర్రగా గట్టిపడిపోయిన కుంచె నిలబడి ఉంది. ఎక్కేవాళ్ళు దానికి కాలు తగలకుండా, పక్కనుంచి అడుగేస్తారు.